నడినెత్తిన మెరిసినా ఎవరికీ కనిపించలేదు.. గామా కిరణాల పేలుళ్లను శాటిలైట్లు ఎలా పట్టుకుంటాయి? ఎలా కొలుస్తాయి?

2022 అక్టోబర్ 9, ఆదివారం. ఆశ్వయుజ పౌర్ణమి. సాయంత్రం 6 గంటల 47 నిమిషాలు. తూర్పున నిండు చంద్రుడు పైకి వస్తున్నాడు. సరిగ్గా అదే సమయంలో మనిషి ఇప్పటిదాకా నమోదు చేసిన వాటిలో అత్యంత ప్రకాశవంతమైన గామా కిరణాల పేలుడు వెలుగు భూమిని తాకింది. ఎక్కడో కాదు.. మన వైపే! ఆ క్షణంలో ఆ వెలుగు నేరుగా నడినెత్తిన ఉన్న చోటు ముంబైకి పడమర, అరేబియా సముద్రం మీద. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వాసులకు కూడా అది దాదాపు నడినెత్తి మీదే.

కానీ ఎవరూ తలెత్తి చూడలేదు. చూసినా ఏమీ కనిపించేది కాదు. ఎందుకంటే గామా కిరణాలు మన కంటికి కనిపించవు. పైగా వాటిని మన వాతావరణం నేల దాకా రానివ్వదు. వాటి సంగతి తెలిసింది అంతరిక్షంలో తిరుగుతున్న కొన్ని శాటిలైట్లకే. విచిత్రం ఏంటంటే.. ఆ వెలుగు ఎంత తీవ్రంగా వచ్చిందంటే, దాన్ని కొలవడానికే పంపిన పరికరాలు కూడా లెక్క తప్పాయి. మరి అసలు లెక్క ఎలా దొరికింది? అసలు ఈ గామా కిరణాలను ఎలా పట్టుకుంటారు? వివరంగా చూద్దాం.

అణుబాంబుల కోసం వెతికితే..

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. వాతావరణంలో, అంతరిక్షంలో, నీటి అడుగున అణు పరీక్షలు చేయకూడదన్నది దాని సారాంశం. కానీ అవతలి వాళ్లు దొంగచాటుగా పరీక్షలు చేస్తే ఎలా తెలుస్తుంది? అందుకే అమెరికా వెలా అనే పేరుతో కొన్ని నిఘా శాటిలైట్లను పంపింది. అణుబాంబు పేలితే గామా కిరణాలు వస్తాయి కాబట్టి వాటిని పసిగట్టడమే వీటి పని.

1967 జులై 2న వెలా శాటిలైట్లు నిజంగానే ఒక గామా మెరుపును నమోదు చేశాయి. కానీ అది అణుబాంబు పోలికలో లేదు. తర్వాత అలాంటివే ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వేర్వేరు శాటిలైట్లను ఆ మెరుపు ఏ క్షణంలో తాకిందో పోల్చి చూస్తే.. అది భూమి నుంచి గానీ, సూర్యుడి నుంచి గానీ రాలేదని తేలింది. అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్ శాస్త్రవేత్తలు 1973లో ఈ విషయాన్ని ప్రపంచానికి చెప్పారు. శత్రువు బాంబు కోసం వెతికితే, విశ్వంలోని అతి పెద్ద పేలుళ్లు దొరికాయన్నమాట.

అద్దాలు, లెన్సులు పనిచేయవు!

మామూలు టెలిస్కోప్ అంటే ఏంటి? వెలుగును అద్దంతోనో లెన్సుతోనో ఒకచోటికి చేర్చి బొమ్మ చూపించేది. కానీ గామా కిరణాల దగ్గర ఈ పప్పులు ఉడకవు. మన కంటికి కనిపించే వెలుగు కణం శక్తి సుమారు 2 నుంచి 3 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. గామా కణం శక్తి దానికి వేల రెట్లు, లక్షల రెట్లు, కొన్నిసార్లు కోట్ల రెట్లు ఎక్కువ. అద్దం మీద పడితే వెనక్కి తిరగదు, లోపలికి దూసుకుపోతుంది. ఇంకో చిక్కు.. ఈ పేలుడు ఎప్పుడు వస్తుందో, ఆకాశంలో ఏ మూల నుంచి వస్తుందో ముందుగా తెలియదు. కొన్ని సెకన్లలో అయిపోతుంది. టెలిస్కోప్ తిప్పేలోపే ఆట ముగుస్తుంది.

అందుకే శాస్త్రవేత్తలు వేరే దారులు వెతికారు. ముఖ్యంగా నాలుగు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది: మెరిసే స్ఫటికాలు. నాసా 2008 జూన్ 11న ప్రయోగించిన ఫెర్మీ శాటిలైట్‌లో గామా రే బర్స్ట్ మానిటర్ అనే పరికరం ఉంది. ఇందులో 12 సోడియం అయోడైడ్ స్ఫటికాలు, 2 బిస్మత్ జర్మనేట్ స్ఫటికాలు ఉంటాయి. గామా కణం స్ఫటికంలోకి దూరగానే అందులో చిన్న మెరుపు పుడుతుంది. వెనకే ఉన్న ట్యూబ్ ఆ మెరుపును విద్యుత్ సిగ్నల్‌గా మారుస్తుంది. మెరుపు ఎంత పెద్దదైతే కణం శక్తి అంత ఎక్కువ. అంటే ఒక్కో కణాన్ని లెక్కపెట్టడమే కాదు, దాని బలాన్ని కూడా తూకం వేస్తుందన్నమాట.

మరి దిక్కు ఎలా తెలుస్తుంది? ఆ 12 స్ఫటికాలూ ఒక్కొక్కటి ఒక్కో వైపుకి తిరిగి ఉంటాయి. ఎదురుగా ఉన్నదానికి ఎక్కువ కణాలు, పక్కకి ఉన్నదానికి తక్కువ కణాలు తగులుతాయి. ఎండ ఏ చెంప మీద ఎక్కువ తగులుతుందో దాన్ని బట్టి కళ్లు మూసుకుని కూడా సూర్యుడు ఎటున్నాడో చెప్పగలం కదా.. ఇదీ అంతే. కాకపోతే ఈ అంచనాలో కొన్ని డిగ్రీల తేడా ఉండొచ్చు.

రెండోది: నీడల లెక్క. 2004 నవంబర్ 20న ప్రయోగించిన స్విఫ్ట్ శాటిలైట్ ఈ పద్ధతి వాడుతుంది. దాని డిటెక్టర్ల పైన వేల సంఖ్యలో చిన్న చిన్న సీసం పలకలు అమర్చిన తెర ఉంటుంది. పలకలు ఒక వరుస అంటూ లేకుండా చెల్లాచెదురుగా ఉంటాయి. గామా కిరణాలు వచ్చినప్పుడు ఆ తెర నీడ కింద డిటెక్టర్ల మీద పడుతుంది. నీడ ఎంత పక్కకి జరిగిందో కంప్యూటర్ చూసి, వెలుగు వచ్చిన దిక్కును కచ్చితంగా చెప్పేస్తుంది. ఆ వెంటనే శాటిలైట్ తనంతట తానే అటు తిరిగి, తనలోని ఎక్స్‌రే, అతినీలలోహిత టెలిస్కోప్‌లతో చూడటం మొదలుపెడుతుంది. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో జరిగిపోతుంది. ఆ పేరు ఊరికే పెట్టలేదు!

మూడోది: కణాన్ని రెండుగా చీల్చడం. శక్తి మరీ ఎక్కువగా ఉన్న గామా కణాల కోసం ఫెర్మీలో లార్జ్ ఏరియా టెలిస్కోప్ అనే మరో పరికరం ఉంది. ఇందులో పల్చటి టంగ్‌స్టన్ రేకులు పొరలు పొరలుగా ఉంటాయి. గామా కణం రేకును తాకగానే ఒక ఎలక్ట్రాన్‌గా, ఒక పాజిట్రాన్‌గా మారిపోతుంది. ఆ జంట వెళ్లిన దారిని సిలికాన్ పట్టీలు నమోదు చేస్తాయి. ఆ దారిని వెనక్కి గీస్తే వచ్చిన దిక్కు తెలుస్తుంది.

నాలుగోది: టైమ్ తేడా. వేర్వేరు చోట్ల ఉన్న శాటిలైట్లను వెలుగు వేర్వేరు క్షణాల్లో తాకుతుంది. ఉదాహరణకి విండ్ అనే శాటిలైట్ భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. వెలుగు అంత దూరం వెళ్లడానికి 5 సెకన్లు పడుతుంది. ఆ తేడాను బట్టి దిక్కును లెక్కగడతారు. వెలా రోజుల నుంచి ఉన్న పద్ధతే ఇది, ఇప్పటికీ పనికొస్తోంది.

కొలవడం అంటే ఏం కొలుస్తారు?

కణాలు దొరికాయి సరే. వాటితో ఏం తెలుస్తుంది?

మొదట సెకనుకి ఎన్ని కణాలు వచ్చాయో గ్రాఫ్ గీస్తారు. దీన్ని లైట్ కర్వ్ అంటారు. దాన్నుంచి పేలుడు ఎంతసేపు సాగిందో చూస్తారు. పెళ్లి భోజనాలు ఎంతసేపు సాగాయి అని అడిగితే ఏం చెప్తాం? అందరికంటే ముందు తినేసిన నలుగురిని, ఆఖర్న మిగిలిన వంటవాళ్లని వదిలేసి మధ్యలో సాగినదే చెప్తాం కదా. ఇక్కడా అంతే. మొదటి 5 శాతం, చివరి 5 శాతం కణాలను పక్కనపెట్టి, మధ్యలోని 90 శాతం రావడానికి పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఈ సమయమే కీలకం. 2 సెకన్ల కంటే ఎక్కువ సాగితే లాంగ్ బర్స్ట్, తక్కువైతే షార్ట్ బర్స్ట్ అంటారు. సాధారణంగా లాంగ్ బర్స్ట్ అంటే ఒక భారీ నక్షత్రం ఇంధనం అయిపోయి లోపలికి కుప్పకూలడం. షార్ట్ బర్స్ట్ అంటే రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనడం. 2017 ఆగస్టు 17న దీనికి సాక్ష్యం కూడా దొరికింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నట్లు గురుత్వ తరంగాలు చెప్పిన 1.7 సెకన్లకే ఫెర్మీ ఒక షార్ట్ బర్స్ట్‌ను పట్టుకుంది. అయితే ఈ 2 సెకన్ల గీత రాతిమీద గీసింది కాదు. 2021 డిసెంబర్ 11న వచ్చిన ఒక పేలుడు దాదాపు నిమిషం సాగినా, అందులో న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న ఆనవాళ్లే కనిపించాయి.

తర్వాత ఏ శక్తి ఉన్న కణాలు ఎన్ని వచ్చాయో చూస్తారు. మొత్తం ఎంత శక్తి మన దాకా చేరిందో లెక్కేస్తారు. ఇక దూరం సంగతి. అది గామా కిరణాల నుంచి నేరుగా తెలియదు. పేలుడు తర్వాత అదే చోట కొన్ని రోజుల పాటు ఎక్స్‌రేలలో, మామూలు వెలుగులో ఒక మిణుకు కనిపిస్తుంది. దీన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు. 1997 ఫిబ్రవరి 28న బెప్పోశాక్స్ అనే ఇటలీ, నెదర్లాండ్స్ శాటిలైట్ మొదటిసారి దాన్ని పట్టుకుంది. ఆ మిణుకు వెలుగు ఎంత ఎరుపు వైపుకి జరిగిందో పెద్ద టెలిస్కోప్‌లతో చూస్తే దూరం తెలుస్తుంది. శాటిలైట్ త్వరగా, కచ్చితంగా దిక్కు చెప్పకపోతే ఆ మిణుకు దొరకదు. అది దొరక్కపోతే దూరం తెలియదు. దూరం తెలియకపోతే పేలుడు నిజంగా ఎంత పెద్దదో చెప్పలేం.

ఆ సాయంత్రం ఏం జరిగింది?

ఇప్పుడు మళ్లీ 2022 అక్టోబర్ 9కి వద్దాం. 6 గంటల 47 నిమిషాలకు ఫెర్మీ ఒక మెరుపును గమనించింది. మొదట వచ్చింది చిన్నదే. అంతటితో ఆగి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. కానీ మూడు నిమిషాలు దాటాక అసలు వరద మొదలైంది. కణాలు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. దాదాపు నిమిషం పాటు ఫెర్మీ పరికరాలకు ఊపిరాడలేదు.

ఆ సమయంలో స్విఫ్ట్ చూపు అటువైపు లేదు. 53 నిమిషాల తర్వాత అటు చూసినప్పుడు ఆఫ్టర్‌గ్లో కనిపించింది. అప్పటికీ అది ఎంత ప్రకాశంగా ఉందంటే, ఇది ఎక్కడో దూరంగా జరిగిన పేలుడు అని అనుకోలేదు. పైగా అది మన పాలపుంత మధ్య పట్టీకి దగ్గరగా, సజిట్టా అనే నక్షత్ర మండలంలో ఉంది. దాంతో మన పాలపుంతలోదే అనుకుని వేరే పేరు పెట్టేశారు. ఆ తర్వాత కొన్ని గంటలకు ఫెర్మీ చూసినదీ, స్విఫ్ట్ చూసినదీ ఒకటేనని తేలింది. అప్పుడు దానికి జీఆర్‌బీ 221009ఏ అని పేరు మార్చారు. అందులోని అంకెలు తేదీయే.. 22వ సంవత్సరం, 10వ నెల, 9వ రోజు. ఆ రోజు మొదటిది కాబట్టి చివర 'ఏ'.

చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌తో దూరం కొలిస్తే, ఆ వెలుగు బయల్దేరి దాదాపు 190 కోట్ల ఏళ్లయిందని తేలింది. మన లెక్కలో చాలా దూరమే. కానీ గామా పేలుళ్ల లెక్కలో ఇది పక్కింటి కిందే లెక్క!

లెక్క ఎందుకు తప్పింది?

ఒక ఫంక్షన్ హాల్ గుమ్మం దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, వచ్చేవాళ్లను లెక్కపెట్టమన్నాం అనుకోండి. ఒక్కొక్కరినీ తూకం మిషన్ మీద నిలబెట్టి బరువు కూడా రాయాలి. ఒక్కొక్కరుగా వస్తే ఇబ్బంది లేదు. కానీ ఒక్కసారిగా వెయ్యి మంది తోసుకొస్తే? ఒకరి బరువు రాసేలోపు పది మంది లోపలికి వెళ్లిపోతారు. వాళ్లు లెక్కలోకి రారు. ఇద్దరు ఒకేసారి తూకం మీద ఎక్కితే ఒకే భారీ మనిషి వచ్చినట్లు రాస్తాడు. అంటే మనుషుల సంఖ్యా తప్పే, బరువూ తప్పే.

ఫెర్మీ డిటెక్టర్లకు సరిగ్గా ఇదే జరిగింది. ఒక కణాన్ని నమోదు చేశాక మరోదానికి సిద్ధం కావడానికి వాటికి సెకనులో పది లక్షల వంతుల్లో రెండు మూడు వంతుల సమయం పడుతుంది. మామూలు పేలుళ్లకు ఇది ఏమాత్రం సమస్య కాదు. ఆ రోజు మాత్రం ఆ కాస్త సమయం కూడా చాలలేదు. పేలుడు పతాక స్థాయికి చేరిన ఆ నిమిషం డేటాను నేరుగా నమ్మలేని పరిస్థితి. చరిత్రలోనే అతి పెద్ద పేలుడు.. కానీ ముఖ్యమైన పేజీయే మసకబారింది!

మరి అసలు లెక్క ఎలా దొరికింది?

ఇక్కడే అదృష్టం కలిసొచ్చింది. ఆ ఏడాది జులైలోనే చైనా ఒక శాటిలైట్ మీద గీకామ్-సీ అనే చిన్న గామా డిటెక్టర్‌ను పంపింది. పేలుడు జరిగిన సమయంలో అది ప్రత్యేక మోడ్‌లో పనిచేస్తోంది. ఆ సెట్టింగ్స్ వల్ల అంత వరదలోనూ అది ఉక్కిరిబిక్కిరి కాలేదు. పతాక స్థాయిని సరిగ్గా కొలిచింది. చైనాదే అయిన ఇన్‌సైట్ ఎక్స్‌రే టెలిస్కోప్ ముందు వచ్చిన చిన్న మెరుపును, తర్వాత వచ్చిన మిణుకును చక్కగా నమోదు చేసింది. ఈ రెండు డేటాలను కలిపి చూస్తే పూర్తి కథ బయటపడింది. విండ్ శాటిలైట్‌లోని కోనస్ పరికరం కొలతలు, ఫెర్మీ టీమ్ తమ డేటాను సరిచేసి వేసిన లెక్కలు కూడా తోడయ్యాయి.

తేలింది ఏంటంటే.. భూమి మీద నుంచి చూస్తే, అంతకుముందు నమోదైన ఏ గామా పేలుడు కంటే కూడా ఇది 70 రెట్లు ప్రకాశవంతమైనది. ఇలాంటిది పదివేల ఏళ్లకోసారి వస్తుందని అంచనా. అందుకే శాస్త్రవేత్తలు దీనికి 'బోట్' అని ముద్దుపేరు పెట్టారు. బ్రైటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్ అన్న మాటకి అది పొట్టి రూపం.

చైనాలోనే పర్వతాల మీద నేలపై ఉన్న లాసో అబ్జర్వేటరీ మరో కోణం చూపించింది. మహా శక్తిమంతమైన గామా కణాలు వాతావరణాన్ని గుద్దినప్పుడు కింద జల్లులా రాలే కణాలను ఇది పట్టుకుంటుంది. ఈ పేలుడు నుంచి 64 వేలకు పైగా అలాంటి గామా కణాలను ఇది నమోదు చేసింది.

8 సూర్యుళ్లు.. కానీ ఒక మెలిక ఉంది

గీకామ్-సీ కొలతల ప్రకారం ఈ పేలుడులో వెలువడిన శక్తి 8 సూర్యుళ్ల మొత్తం ద్రవ్యరాశిని శక్తిగా మార్చేస్తే వచ్చేంత! వినడానికి బాగానే ఉంది. కానీ ఈ అంకెను చూసేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన వైపు వచ్చినంత వెలుగే అన్ని దిక్కులకూ వెళ్లిందనుకుని వేసిన లెక్క ఇది. నిజానికి గామా పేలుడు దీపంలా అన్ని వైపులకూ వెలగదు. టార్చ్ లైట్‌లా సన్నటి ధారగా వెళ్తుంది. లాసో డేటా ప్రకారం ఈ ధార వెడల్పు మధ్య నుంచి ఒక పక్కకి ఒక్క డిగ్రీ కూడా లేదు. ఆ టార్చ్ సరిగ్గా మన కళ్లలోకి పడింది, అంతే. అసలు ఖర్చయిన శక్తి ఆ అంకె కంటే చాలా తక్కువ.

ఫెర్మీ డేటా కూడా వృథా పోలేదు. పాడైన భాగాన్ని పక్కన పెట్టి, దాని తర్వాతి సెకన్లను శాస్త్రవేత్తలు జల్లెడ పట్టారు. ఒకే నిర్దిష్ట శక్తి దగ్గర కణాలు గుంపుగా కనిపించాయి. ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు ఒకదాన్నొకటి నాశనం చేసుకున్నప్పుడు వచ్చే వెలుగు అది అయ్యుండాలని, ఆ ధార కాంతి వేగంలో 99.9 శాతంతో మన వైపు వస్తోందని 2024లో వివరించారు. గామా పేలుడులో ఇంత స్పష్టంగా ఇలాంటి గీత దొరకడం అదే మొదటిసారి.

మనకేమైనా ప్రమాదమా?

భయపడాల్సింది ఏమీ లేదు. మనుషులకు ఏ హానీ జరగలేదు. కానీ భూమి దాన్ని గమనించకుండా ఉండలేకపోయింది. మన వాతావరణం పైభాగంలో విద్యుత్ కణాలతో నిండిన అయనోస్పియర్ అనే పొర ఉంటుంది. ఆ గామా కిరణాలు తగలగానే అది కదిలిపోయింది. ఆ అలజడి కొన్ని గంటల పాటు సాగినట్లు జర్మనీలోని పరికరాలు చూపించాయి. మన దేశంలో పిడుగులను పసిగట్టే డిటెక్టర్లు కూడా స్పందించాయి. 190 కోట్ల ఏళ్ల కిందట చచ్చిపోయిన ఒక నక్షత్రం, మన నెత్తిమీది గాలి పొరను కదిపి వెళ్లిందన్నమాట!

మన దేశం ఎక్కడుంది?

గామా పేలుళ్ల వేటలో భారత్ కూడా ముందు వరుసలోనే ఉంది. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 రాకెట్‌తో ఇస్రో ఆస్ట్రోశాట్‌ను ప్రయోగించింది. అందులోని కాడ్మియం జింక్ టెల్యురైడ్ ఇమేజర్ అనే పరికరం ఇప్పటిదాకా 600కు పైగా గామా పేలుళ్లను గుర్తించింది. దీని ప్రత్యేకత మరొకటి ఉంది. గామా కణాలు దాని లోపలి గడుల్లో ఎటు చెదిరాయో చూసి, ఆ వెలుగు తరంగాలు ఒకే వైపుకి ఊగుతున్నాయా లేదా అన్నది కూడా చెప్పగలదు. పేలుడు ధార లోపలి అయస్కాంత క్షేత్రం ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇదే దారి. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న గ్రోత్ ఇండియా టెలిస్కోప్ బోట్ ఆఫ్టర్‌గ్లోను గమనించింది. ఒకదానికొకటి ఎదురుగా రెండు శాటిలైట్లు పెట్టి మొత్తం ఆకాశాన్ని కాపు కాయాలన్న 'దక్ష' ప్రతిపాదన కూడా మన శాస్త్రవేత్తలు సిద్ధం చేశారు.

అసలు పాఠం ఇదే!

ఏ ఒక్క శాటిలైట్ కూడా బోట్ కథ మొత్తం చెప్పలేకపోయింది. ఒకటి ముందుగా చూసింది కానీ లెక్క తప్పింది. ఒకటి దిక్కు చెప్పింది కానీ పేరు తప్పు పెట్టించింది. మరొకటి చిన్నదే అయినా సరైన సెట్టింగ్‌లో ఉండి అసలు అంకె ఇచ్చింది. దూరం చెప్పింది నేల మీది టెలిస్కోప్. వేర్వేరు దేశాల వాళ్లు డేటాను పంచుకోకపోయి ఉంటే, చరిత్రలోనే అతి పెద్ద పేలుడు సగం లెక్కతోనే మిగిలిపోయేది. దొంగచాటు అణు పరీక్షల మీద అనుమానంతో మొదలైన వేట.. ఇప్పుడు ఒకరి లెక్కను ఒకరు సరిదిద్దుకునే పనిగా మారింది.

అందుకే గామా డిటెక్టర్లు ఒకటి కాదు, చాలా ఉండాలి. అన్నీ ఒకే రకంగా కాకుండా, చిన్న మెరుపును పసిగట్టేవి కొన్ని, వరదను తట్టుకునేవి కొన్ని ఉండాలి. పదివేల ఏళ్లకోసారి అన్నది సగటు లెక్క మాత్రమే. తర్వాతది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చినప్పుడు మనం తలెత్తి చూడకపోయినా, పైన ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి మరి!